ముద్దాయి మనోడే

మాది పాలమూరు జిల్లా. ఊరి పేరు అక్కర్లేదు. కృష్ణకు ఈ దిక్కున ఏ ఊరి మాదిగగేరికి పోయి అడిగినా ఇప్పుడు నేను చెప్పేదే చెప్తరు. నది మాకు పది మైళ్ల దూరం. దాని మీద కట్టలు కట్టింది మావాళ్లు, ఆ నీళ్లు పారింది వేరేవాళ్ల మళ్లల్ల. మా తాత నాగార్జునసాగర్ కాడ రాయి మోసిండు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ వచ్చి దానికి పునాదిరాయి వేసిండు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ వచ్చి కాలువలకు నీళ్లు విడిచింది. ఈ రెండు తారీఖుల మధ్య ఏండ్లు మా తాతసొంటి వాళ్లవి. యంత్రాలు కొనడానికి విదేశీ డబ్బు కరువు, మనుషులకు కరువు లేదు, అందుకని అంత పెద్ద ఆనకట్టను రాతితోనే కట్టిండ్రు. ఆనకట్టల్ని నెహ్రూ దేవాలయాలతో పోల్చిండు. గుడి అంటే మావాళ్లకు తెలిసింది ఒక్కటే. కట్టేదాకా లోపల, కట్టినంక బయట.

నేను సర్కారు బడిల సాంఘికశాస్త్రం చెప్తాను. తారీఖులు చెప్పడం నా ఉద్యోగం. ఈ వ్యాసంలో కూడా తారీఖులే ఎక్కువుంటయి. కాకపోతే ఇవి పరీక్షలకు వచ్చేవి కావు.

మా దిక్కు వలసను బతకపోవుడు అంటరు. దసరా ఎల్లినంక గుంపు మేస్త్రి గేరికి వస్తడు. పెండ్లికో, జబ్బుకో, ఎద్దు చచ్చిందనో ఎవరింట్ల ఎంత అప్పుందో ఆయనకు ముందే ఎరుక. అంత పైస చేతుల పెట్టి మొగుడు పెళ్లాలిద్దర్నీ రాసుకుంటడు. ఆ మేస్త్రి మీద ఇంకో మేస్త్రి, ఆయన మీద చిన్న కాంట్రాక్టరు, ఆయన మీద పెద్ద కాంట్రాక్టరు, ఆ పైన సర్కారో కంపెనీయో. పైసలు పైనుంచి దిగుకుంట వస్తయి, మెట్టుమెట్టుకూ తగ్గుకుంట. తప్పు కూడా పైనుంచే దిగుతది గానీ అది ఏ మెట్టు కాడా తగ్గదు. మొత్తానికి మొత్తం అడుగునున్నోని మీదికే వస్తది.

1999ల మా నాయిన మహారాష్ట్రల ఒక కాలువ పని కాడ చచ్చిపోయిండు. నేను అప్పుడు ఆరో తరగతి, అవ్వ దగ్గర ఊళ్లె ఉన్న. మట్టి పనికి కూలి రోజు లెక్క కాదు, గుంత కొలత లెక్క. పైనుంచి మెట్లు మెట్లుగా తవ్వుకుంట రావాలంటే ఆలస్యమైతది. కింద తొలిస్తే పైమట్టి దానంతటదే పెళ్లలు పెళ్లలుగ పడతది, పని జల్ది అయితది. పొద్దుగూకే లోపల కొలత రావాలె, అడ్వాన్సు తీరాలె. తవ్విన మట్టిని ఒడ్డుకు దూరంగ పోయాలె గానీ అంత దూరం మోస్తే గంపలు తక్కువ పడతయి, అందుకని ఒడ్డు మీదనే కుప్ప పోసిండ్రు. ఆ బరువుకు ఒడ్డు విరిగింది. అమ్మ గంప వంచి మలిగేసరికి నాయిన ఉన్న తావుల మట్టి ఉంది.

అమ్మ ఎనిమిదో రోజు ఒక్కతే బస్సు దిగింది. నాయినను అక్కడనే పూడ్చిపెట్టిండ్రు. మునిషీ 15,000 అన్నడట. అందుల అడ్వాన్సు బాకీ 6,000 పట్టుకొని 9,000 చేతుల పెట్టి, ఒక కాగితం మీద వేలిముద్ర తీసుకున్నడు. అందుల ఏం రాసి ఉందో అమ్మకు తెల్వదు. గుంపు మేస్త్రి అమ్మకు వరుసకు తమ్ముడైతడు. దినాల నాడు వచ్చి ఏడ్చిండు. ఏడ్చుకుంటనే అన్నడు, "బావది తొందర ఎక్కువ అక్కా. కింద తొలవొద్దని ఎన్నిసార్లు చెప్పిన, ఇననే లేదు." అమ్మ ఆ మాట నమ్మింది. నేనూ నమ్మిన. బీయీడీ చేసి, ఉద్యోగం వచ్చి, పెండ్లయినంక కూడ మా నాయిన తన గుంత తానే తవ్వుకున్నడనే నమ్మిన.

ఆ నమ్మకం 2022ల పోయింది. దీపావళి ఎల్లినంక మా బడిల ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె రాకుండ పోయింది. హాజరుపట్టీల వరుసగా గీతలు పడుతుంటే ఇంటికి పోయిన. వాళ్ల నాయిన హైదరాబాదు శివార్ల ఒక అపార్టుమెంటు పని కాడ చచ్చిపోయిండని చెప్పిండ్రు. ఇటుకలు, మాలు పైకి గుంజే లిఫ్టు ఉంటది కదా, దాని ఇనుపతాడు తెగి తొట్టి కింద ఉన్న మనిషి మీద పడ్డది. ఆయనకు 35 ఏండ్లు. మిషను నడిపిన పిల్లగాడు వాళ్ల గేరివాడే, ఆమెకు చిన్నమ్మ కొడుకు. ఈ బావే వాన్ని ఆ పనిల పెట్టిచ్చిండు. తాడు పోగులు లేస్తున్నయని రెండు రోజుల ముందు వాడు మునిషీకి చెప్పిండట. "ఈ స్లాబు అయిపోనీ, మారుద్దాం" అన్నడట మునిషీ.

ఆమె ఒక కవరుల నుంచి కాగితాలు తీసి నా ముందర పెట్టింది. ఎఫ్ఐఆర్ చదివిన. ముద్దాయి కాలంల ఒక్కటే పేరు ఉంది, ఆ పిల్లగానిది. కాంట్రాక్టరు లేడు, బిల్డరు లేడు, మునిషీ కూడ లేడు. ఫలానా వాడు అజాగ్రత్తగా మిషను నడిపినందున అని రాసి ఉంది. "సారూ, తమ్మున్ని జైల్ల ఏస్తరా? వాడు పోతే మా చిన్నమ్మ బతకదు" అని ఆమె అడిగింది. మొగుడు చచ్చిన మనిషి, మొగున్ని చంపిండని కాగితంల రాసినోని కోసం ఏడుస్తున్నది. నాకు మా మామ దినాల నాడు అన్న మాట యాదికొచ్చింది. అక్కడ తప్పు చచ్చినోనిది. ఇక్కడ తప్పు పక్కనున్నోనిది. పైనున్నోనిది ఎప్పుడైతది?

అప్పటిసంది నేను చట్టం పుస్తకాలు కొన్న. వకీలును కాను గనక నాకు అర్థమైన తీరుగ చెప్తాను. మన విద్యార్థులూ కార్యకర్తలూ ఇది తెలుసుకొని ఉండాలె.

ఎఫ్ఐఆర్‌లో ఉన్న సెక్షను 304ఎ. భారత శిక్షాస్మృతి 1860లో వచ్చింది, అందులో ఈ సెక్షను మొదట లేదు. 1870లో చేర్చారు. హడావుడిగా గానీ నిర్లక్ష్యంగా గానీ చేసిన పనివల్ల ఎవరైనా చనిపోతే రెండేళ్ల దాకా జైలు. శిక్ష సంగతి అటుంచండి, అసలు కిటుకు "పని" అనే మాటలో ఉంది. ఏ పనివల్ల చచ్చాడు? ఆ పని ఎవరి చెయ్యి చేసింది? తొట్టిని దించిన చెయ్యి కనబడుతుంది. తాడు మార్చవద్దన్న నోరు కనబడదు. తాడు ఖర్చు మిగుల్చుకున్న జేబు అంతకన్నా కనబడదు.

దీనికి సుప్రీంకోర్టు ముద్ర కూడా ఉంది. బొంబాయిలో ఒక రంగుల కార్ఖానాలో మంటలు లేచి ఏడుగురు కార్మికులు కాలిపోయారు. లైసెన్సు షరతులకు విరుద్ధంగా మండే పొయ్యిలూ టర్పెంటైనూ ఒకే గదిలో పెట్టించింది యాజమాన్యం. కురబాన్ హుస్సేన్ కేసని 1965 లా రిపోర్టుల్లో ఉంటుంది. అట్లా పెట్టించినందుకు మేనేజరు మీద నిప్పు విషయంలో నిర్లక్ష్యం అనే చిన్న నేరం నిలబడింది గానీ, 304ఎ నిలబడలేదు. ఎందుకంటే చావుకు నేరుగా కారణమైన పని మేనేజరుది కాదట. కాగుతున్న దానిలో అది చల్లారకముందే తొందరపడి టర్పెంటైను పోసిన కార్మికునిదట. నేను ఆ తీర్పు చదువుతూ తొందర అనే మాట కాడ ఆగిన. బావది తొందర ఎక్కువ అక్కా. మా మామ చదువుకోలేదు, సుప్రీంకోర్టు తీర్పు ఆయన నోటికి ఎట్లొచ్చిందో!

ఇది మన కోర్టులు కనిపెట్టింది కూడా కాదు. ఇంగ్లండులో 1837లో ప్రీస్ట్లీ, ఫౌలరు కేసులో ఒక సూత్రం పుట్టింది. తోటి పనివాని తప్పువల్ల పనివానికి దెబ్బ తగిలితే యజమానికి సంబంధం లేదు, కూలికి ఒప్పుకున్ననాడే ఆ ప్రమాదానికీ ఒప్పుకున్నట్టు అని. నూరేళ్లకు పైగా అది యజమానులకు గొడుగు పట్టింది. మన దేశంలో 1938లో ఒక చట్టం తెచ్చి, నష్టపరిహారం దావాల్లో ఆ సాకు చెల్లదన్నారు. దావాల్లో చెల్లదన్న సాకే పోలీస్ స్టేషన్లో ఇంకా చెల్లుబాటు అవుతున్నది.

డబ్బు సంగతి కూడా చెప్పాలె, ఎందుకంటే అక్కడ కొంత న్యాయం ఉంది. 1923లో వచ్చిన పనివాళ్ల పరిహారం చట్టం యజమాని తప్పు చేశాడా లేదా అని అడగదు. పనిలో ఉండగా, పనివల్ల చచ్చాడా? చాలు, పైసలు కట్టాలి. చిన్న కాంట్రాక్టరు కట్టకపోతే పని ఇచ్చిన పెద్దమనిషి కట్టాలి. తాగి ఉన్నాడు, చెప్పిన మాట వినలేదు అనే సాకులు చావు కేసులో పనికిరావు. ఇంకొక మాట, మనవాళ్లు ఇది గోడ మీద రాసి పెట్టుకోవాలె. చచ్చినవాని కుటుంబానికి యజమాని నేరుగా చేతికిచ్చిన సొమ్ము ఆ చట్టం కింద పరిహారమే కాదు. కమిషనరు దగ్గర జమ చేస్తేనే పరిహారం. తెల్ల కాగితం మీదనో స్టాంపు కాగితం మీదనో మనోళ్ల వేలిముద్రలు తీసుకొని "ఇక మాకేం బాకీ లేదు" అని రాయించుకున్నది చెల్లదు.

ఆ పిల్ల తల్లికి మూడో రోజునే 3 లక్షలిచ్చి కాగితం రాయించుకున్నరు. అది చెల్లదని తెలిసినంక భవన నిర్మాణ కార్మిక సంఘం ఒకదాని మనుషుల్ని పట్టుకొని కమిషనరు దగ్గర దావా వేయించినం. మా లెక్కల సారు లెక్క కట్టిండు. నెలకు 15,000కు మించిన కూలిని లెక్కలోకి తీసుకోరు. అందులో సగం 7,500. 35 ఏండ్ల మనిషికి పట్టికలో అంకె 197.06. హెచ్చిస్తే 14,77,950 రూపాయలు. ఆ మనిషి తమ దగ్గర పనే చేయలేదని, మస్టరులో పేరు లేదని బిల్డరు తరఫు వకీలు వాదించిండు. రెండేండ్లు పట్టింది. ముందిచ్చిన 3 లక్షల మీద కూడ కొట్లాడి, చివరికి ఉత్తర్వు వచ్చింది.

మా అమ్మ వేలిముద్ర వేసిన కాగితం కూడ అట్లనే చెల్లనిది. అడ్వాన్సు కింద పట్టుకున్న ఆ 6,000 కూడ పట్టుకోగూడనిదే. దావాకు రెండేండ్ల గడువు. నాకు తెలిసేటప్పటికి ఇరవై మూడేండ్లయింది. ఇంకో సంగతి, 1979లనే అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చి ఉంది. వలస కూలి చస్తే కాంట్రాక్టరు రెండు రాష్ట్రాల అధికారులకూ, ఇంటివాళ్లకూ తెలపాలని అందుల ఉంది. మాకు తెలిపింది మా అమ్మ బస్సు దిగుడే. ఈ సంగతులేవీ నేను అమ్మకు చెప్పలేదు.

డబ్బు దగ్గర ఎవరి తప్పని అడగని చట్టం, జైలు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఇన్ని అడుగుతున్నది? వకీళ్లు చెప్పే జవాబు మంచిదే. మనిషిని జైలుకు పంపాలంటే వాని మనసులో దోషం ఉండాలె, తెలియక జరిగినదానికి ఖైదు వేస్తే అన్యాయమైతది. వినడానికి ఎంత ధర్మంగా ఉంది! కానీ నేను చరిత్ర చెప్పేవాణ్ని. 304ఎ వచ్చింది 1870లో అన్నాను కదా. ఆ మరుసటేడు, 1871లో, అదే తెల్లదొరల సర్కారు నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. కులం పేరు జాబితాలో ఉంటే చాలు, పుట్టిన బిడ్డ నేరస్థుడే. హాజరు వేయించుకోవాలి, పర్మిషను లేకుండా పొలిమేర దాటొద్దు. 1911లో దాన్ని మద్రాసు రాజధానికి కూడా తెచ్చారు. 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో ఎరుకల కుటుంబాలకు సెటిల్‌మెంటు పెట్టారు. రాళ్లు కొట్టి, మట్టి తవ్వి ఈ దేశపు చెరువులూ రోడ్లూ కట్టిన వడ్డెరల్లో కొన్ని గుంపుల్ని కూడా ఆ జాబితాలోకి ఎక్కించారు. 1952 దాకా ఆ చట్టం ఉంది. మనసులో దోషం ఉందా అని అక్కడ ఎవరూ అడగలేదు. కట్టినోడు పుట్టుకతోనే నేరస్థుడైనప్పుడు రాని ధర్మసందేహం, కట్టించినోని దగ్గరికి పోయేసరికి వస్తున్నది.

అంటే తప్పు రుజువు లేని శిక్ష ఈ దేశానికి కొత్త కాదు. ఎవరి మీద అనేదే కొత్త.

వేరే చోట కాంట్రాక్టర్ల మీదనే దీన్ని వాడారు. హాంకాంగులో ఒక కట్టడం కాడ పక్కల మట్టి కూలకుండా పెట్టిన తాత్కాలిక దన్నులో ఒక భాగం పడిపోయింది. అనుమతి పొందిన ప్లానుకు, కట్టినదానికి తేడా ఉందని కాంట్రాక్టు కంపెనీ మీద, దాని ప్రాజెక్టు మేనేజరు మీద, సైటు ఏజెంటు మీద కేసు పెట్టారు. తేడా అంత పెద్దదని మాకు తెలియదన్నారు వాళ్లు. 1984లో లండనులోని ప్రివీ కౌన్సిలు, తెలియాల్సిన అవసరం లేదన్నది. జనం ప్రాణాల భద్రతకు సంబంధించిన చోట, అట్లా కఠినంగా ఉంటేనే జాగ్రత్త పెరుగుతుందనుకుంటే, మనసు సంగతి రుజువు చేయకుండానే నేరం నిలబడుతుందన్నది. దాన్ని గామన్ కేసు అంటారు. ఆ నేరానికి మూడేళ్ల జైలు, రెండున్నర లక్షల హాంకాంగు డాలర్ల జరిమానా దాకా ఉంది. ఇంత పెద్ద శిక్ష ఉన్నా కోర్టు వెనక్కి తగ్గలేదు. దన్ను పెట్టిన కూలి చెయ్యి ఎవరిదని వెతికి ముద్దాయిని చేసే పనే రాలేదు. నేను ఈ కేసు చదివింది ఒక రాత్రి. మట్టి పక్కలకు దన్ను! లోతు 1.5 మీటర్లు దాటితే కందకం పక్కలకు దన్ను పెట్టాలనేది మన ఇంజనీర్లకు కూడా పాత పాఠమే. మా నాయిన ఉన్న గుంతకు దన్ను లేదు. దన్ను పెట్టే పని నాయినది కాదు. ఇరవై మూడేండ్ల తర్వాత ఒక హాంకాంగు కేసు చదివి, తొందర మా నాయినది కాదని తెలుసుకున్న.

మన దేశంలో మాత్రం ఏమీ లేదా అంటారేమో. ఉంది. 1982 ఏషియాడ్ ఆటల కోసం ఢిల్లీలో స్టేడియాలు కట్టిన కూలీల కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. కూలి రోజుకు 9 రూపాయల 25 పైసలైతే జమాదార్లు మనిషికి ఒక రూపాయి కమీషను కోసుకునేవాళ్లు. కనీస కూలి ఇవ్వకపోతే అది వెట్టి కిందికే వస్తుందని జస్టిస్ భగవతి తీర్పు చెప్పాడు. కట్టడం పనిలో పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని పెట్టొద్దన్నాడు. కార్మిక చట్టాలు ఉల్లంఘిస్తే మేజిస్ట్రేటులు చిన్న చిన్న జరిమానాలతో వదిలేస్తున్నారని కూడా ఆ తీర్పులోనే మందలించాడు.

తర్వాత పద్నాలుగేళ్లకు, 1996లో, భవన నిర్మాణ కార్మికుల చట్టం వచ్చింది. ఎన్నో సంఘాలు ఏండ్ల తరబడి కొట్లాడి తెచ్చుకున్న చట్టం అది, దాన్ని చిన్నచూపు చూడను. కానీ భద్రతా నియమాలు తప్పినవానికి అందులో శిక్ష ఎంతో తెలుసా? మూడు నెలల దాకా జైలు, లేదా 2,000 దాకా జరిమానా, లేదా రెండూ. ఫిర్యాదు ఎవరు చేయొచ్చు? చీఫ్ ఇన్‌స్పెక్టరు, లేదా రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థ బాధ్యుడు, లేదా కార్మిక సంఘం బాధ్యుడు. చచ్చినవాని పెండ్లాం ఆ జాబితాలో లేదు. అందుకని సంఘం బాధ్యుడే ఫిర్యాదు చేసిండు, తాడు సంగతి రాసి. కాంట్రాక్టరు ఒక రోజు తెల్లంగి వేసుకొని కోర్టుకు వచ్చిండు. తప్పు ఒప్పుకున్నడు. 2,000 కట్టిండు. మధ్యాహ్నం లోపల పోయిండు. మేం టీ తాగి బయటికొచ్చేసరికి ఆయన కారు లేదు.

ఇక్కడ నాకు అర్థమైంది చెప్తాను, తప్పైతే దిద్దండి. శిక్ష 2,000 రూపాయలైతే ఈ చట్టాలకు మనసుతో పనిలేదు, తాడు పాతదైతే చాలు. శిక్ష జైలు అయ్యేసరికి మనసు కావాలె, చెయ్యి కావాలె, నేరుగా కారణం కావాలె. భోపాలులో వేలమంది చచ్చినా చివరికి 2010లో అదే 304ఎ, అదే రెండేళ్లు. పెద్ద బిల్డింగు కూలి పేపర్లల్ల వస్తే అరెస్టులైతయి, కాదనను. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో పదకొండు అంతస్తులు కూలి 61 మంది చచ్చినప్పుడు బిల్డర్లను పట్టుకున్నరు. ఆ చచ్చినోళ్లల్ల చానామంది విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల కూలీలు. కానీ మా దిక్కు చావులు ఒకటొకటిగా జరుగుతయి. ఒక తాడు, ఒక పెళ్ల, ఒక కరెంటు వైరు. ఒక్క చావుకు ఒక్క చెయ్యి దొరికితే ఫైలు మూసేయడానికి సరిపోతది.

నేను కోరేది కఠినమైన చట్టమే గానీ దాన్ని ఎక్కడ కట్టాలన్న దగ్గర నాకు భయముంది. కాంట్రాక్టరుకు జైలు అని చట్టం వస్తే, మర్నాటి నుంచి కాగితంల కాంట్రాక్టరు ఎవరైతరు? మా మామ. ఇప్పటికే బిల్డర్లు గుంపు మేస్త్రుల పేర్ల మీద లైసెన్సులు తీసిచ్చి, సంతకాలు పెట్టించుకొని, తాము పక్కకు ఉంటున్నరు. మా మామ మంచోడు కాదు, అడ్వాన్సు కోసుకున్నడు, అబద్ధం చెప్పిండు. అయినా దన్నుకు కట్టెలు కొనే పైస ఆయన దగ్గర లేదు. బిల్లు ఎవరి పేరు మీద పాసైతదో, లాభం ఎవరి ఖాతాల పడతదో వాడే ఎ-1 కావాలె. ఈ ఒక్క మాట రాయకుండ ఎంత కఠినంగ రాసినా అది మళ్లీ మన గేరికే వస్తది.

అంబేద్కర్ 1942 నుంచి 46 దాకా వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరు. సర్కారు కట్టడాల శాఖ కూడా ఆయన చేతి కిందనే ఉండేది. 1943 డిసెంబరులో ధన్‌బాదు దిక్కు బొగ్గుబావిలోకి తానే దిగి చూసిండు. ఆయనను రిజర్వేషన్ల కాడికే కుదించేటోళ్లకు ఈ సంగతి చెప్పాలె. గని ఎట్లుందో గుమస్తా రాసిస్తే సంతకం పెట్టొచ్చు, దిగనక్కర్లేదు. మునిషీ చెప్పింది రాసుకొని పోయే ఇన్‌స్పెక్టర్లను చూసినప్పుడల్లా నాకు ఆ దిగుడు యాదికొస్తది.

ఇప్పుడు చట్టాలు మారినయి. 2024 జూలై 1 నుంచి శిక్షాస్మృతి పోయి న్యాయ సంహిత వచ్చింది. 304ఎ జాగాల 106వ సెక్షను, శిక్ష అయిదేండ్ల దాకా. హడావుడి, నిర్లక్ష్యం అనే మాటలు అవే. అంటే చెయ్యి అదే, దానికి బేడీ ఇంకా బరువైంది. 2025 నవంబర్ 21న కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చి 1979, 1996 చట్టాలు వాటిల కలిసిపోయినయి. భద్రత బాధ్యత తప్పినందువల్ల చావు జరిగితే రెండేండ్ల దాకా జైలు, లేదా 5 లక్షలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. జరిమానాల సగానికి తగ్గకుండా కుటుంబానికి ఇప్పించొచ్చు. 2,000 కాడికి 5 లక్షలు మంచిదే. కానీ ఆ "లేదా" ఉంది చూడండి, అది చిన్న మాట కాదు. ఆ మాట నుంచి కారు పోతది. ఇన్‌స్పెక్టరు పేరుకు కూడ ఫెసిలిటేటరు అని తోక తగిలించిండ్రు. ఎవరికి సాయం చేయడానికో.

ఆ కోడ్‌లు రాకముందు, అదే ఏడు ఫిబ్రవరి 22న మా పాలమూరు గడ్డ మీదనే, దోమలపెంట కాడ ఎస్ఎల్‌బీసీ సొరంగం లోపల పైకప్పు కూలింది. ఎనిమిది మంది లోపల ఉండిపోయిండ్రు. మావాళ్లు కాదు, జార్ఖండు, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్ముకాశ్మీరు దిక్కు నుంచి బతకవచ్చినోళ్లు. మార్చిల రెండు శవాలు దొరికినయి. తక్కినోళ్ల కోసం ఏప్రిల్ దాకా వెతికిండ్రు. నూరేండ్లు దేశం మొత్తం కట్టొచ్చిన జిల్లాకు ఇప్పుడు వేరేవాళ్లు కట్టడానికి వచ్చి చస్తున్నరు. ఆ వార్త టీవీల వస్తుంటే మా అమ్మ ముందర కూసొని చూసింది. "మట్టి తీసిండ్రా?" అని రోజూ అడిగేది.

మెసొపొటేమియా పాఠం చెప్పేటప్పుడు నేను హమ్మురాబి శాసనం చెప్తాను. నాలుగు వేల ఏండ్ల కింద, ఇంచుమించు. మేస్త్రి కట్టిన ఇల్లు కూలి ఇంటి యజమాని చస్తే మేస్త్రికి మరణశిక్ష. బానిస చస్తే బానిసకు బానిసను ఇయ్యాలె. ఆ పిల్ల ఇప్పుడు ఇంటరు చదువుతున్నది. అప్పుడు తొమ్మిదో తరగతిల మళ్లీ బడికొచ్చినంక ఇదే పాఠం విని చెయ్యెత్తింది. "కట్టేటోడు చస్తే, సార్?" అన్నది. ఆ రాతిల అది లేదమ్మా అని చెప్పిన.

ఆ పిల్లగాని కేసు ఇంకా నడుస్తున్నది. అది పాత కేసు గనక పాత సెక్షనే, 304ఎ. కాంట్రాక్టరుకు ఒక్క పూటల అయిపోయింది, వీనికి మూడేండ్లు దాటింది. వాయిదా ఉన్ననాడు కూలి పోతది, బస్సు కిరాయి పోతది, వకీలు ఫీజు పోతది. సాక్షుల జాబితాల అక్క పేరు ఉంది. తమ్మునికి ఎదురుగ ఆమెతో సాక్ష్యం చెప్పించాలె. ఆమె ఇద్దరికీ టిఫిను డబ్బాల రొట్టెలు కట్టుకొని, వాని పక్కనే కూసొని బస్సుల పోయి వస్తది.

మొన్న వాడు వాయిదా కాగితం పట్టుకొని బడికొచ్చిండు. తారీఖు చదివి చెప్పిన.

"ఆ రోజు స్లాబు ఉంది సారూ" అన్నడు.